పొగాకు బ్యారనా, బియ్యం మిల్లా, కాలువ లాకులా: ఊరికి ఏది పనికొస్తుంది?

ఒంగోలు నుంచి నెల్లూరు మీదుగా గూడూరు దాకా జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్న ఊళ్లలో మూతపడిన పాత పారిశ్రామిక కట్టడాలకు కొదవ లేదు. కందుకూరు, కొండపి, టంగుటూరు ప్రాంతాల్లో పొగాకు ఆరబెట్టే గదులైన బ్యారన్లు, పెన్నా కాలువల కింది ఊళ్లలో పొగగొట్టం ఒక్కటే తలెత్తి కనిపించే బియ్యం మిల్లులు, తీరం వెంబడి బకింగ్‌హాం కాలువలో పడవలను దాటించే లాకులు, సైదాపురం వైపు అభ్రకం (మైకా) షెడ్లు, పడమట మార్కాపురం దగ్గర పలకల ఫ్యాక్టరీలు ఒకప్పుడు ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు కూలి, బాడుగ, వ్యాపారం ఇచ్చినవే. వీటిలో ఒకదాన్ని ఊరందరూ వాడుకునే చోటుగా మార్చాలన్న ఆలోచన పంచాయతీలోనో, పురపాలక సంఘంలోనో, వారసత్వంగా కట్టడం చేతికొచ్చిన కుటుంబంలోనో వచ్చినప్పుడు చర్చ వెంటనే మ్యూజియమా, కల్యాణ మండపమా, పార్కా అన్న దగ్గరికి వెళ్లిపోతుంది. నిజానికి అది మూడో ప్రశ్న. ఆ గోడలను, కప్పును, నేలను ఏ పని కోసం కట్టారు, అవి గాలిని, నీటిని ఎలా నడిపిస్తాయి అన్నది మొదటి ప్రశ్న. రోజూ పొద్దున తాళం ఎవరు తీస్తారు, అందుకు నెలనెలా డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది రెండోది. ఈ రెండూ తేలితే మూడోదానికి జవాబు వెతుక్కోవలసిన అవసరం పెద్దగా ఉండదు కనుక, ఇక్కడి పోలిక కూడా ఆ వరుసలోనే సాగుతుంది.

కూల్చడమా, అలాగే ఉంచడమా, బాగుచేయడమా

పాతది కూల్చి కొత్తది కట్టుకుంటే పోలేదా అనే మాట ప్రతి సమావేశంలోనూ వస్తుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకుండా లెక్క వేసి చూడాలి. ఉదాహరణకు పదహారు అడుగుల చదరం, పద్దెనిమిది అడుగుల ఎత్తు, తొమ్మిది అంగుళాల గోడ ఉన్న ఒక్క బ్యారన్‌ను తీసుకుంటే అందులో సుమారు 12 వేల ఇటుకలు ఉంటాయి. వాటిని కాల్చడానికి కట్టెలు, బొగ్గు, ఊక ఎప్పుడో ఖర్చయిపోయాయి. కూల్చితే ఆ ఇటుకల్లో సగానికి సగం ముక్కలై ఏ చెరువు కట్ట పక్కనో గుట్టగా పడుతుంది, కొత్త గోడకు మళ్లీ బట్టీ మండించాలి, సిమెంటు కొనాలి. పర్యావరణాన్ని దృష్టిలో పెట్టుకుని ఈ పని తలపెట్టినవారు, సోలార్ పలకల కంటే ముందు, నిలబడి ఉన్న గోడను నిలబెట్టుకోవడమే పెద్ద పొదుపని గుర్తించాలి. అయితే పునాది ఒకవైపు దిగబడి గోడలో పగులు కింది నుంచి పైదాకా వేలు దూరేంత వెడల్పున ఉన్నా, ఆ పగులు ఒక వానాకాలం నుంచి మరో వానాకాలానికి పెరుగుతున్నా, ఆ కట్టడం మీద అభిమానం పెంచుకోకుండా ఇటుకలను జాగ్రత్తగా విప్పుకుని వాడుకోవడమే మేలు. పగులు పెరుగుతోందో లేదో తెలుసుకోవడానికి దానికి అడ్డంగా చిన్న గాజు పలకను గచ్చుతో అతికించి తేదీ వేసి ఉంచితే చాలు. గోడ కదిలితే గాజు పగులుతుంది.

కట్టడాన్ని ముట్టుకోకుండా చుట్టూ తోట వేసి శిథిలంగానే చూపించాలనేవారు జర్మనీలోని డ్యూస్‌బర్గ్ ఉదాహరణ చెబుతారు. అక్కడ 1985లో మూతపడిన ఇనుము కర్మాగారం కొలుములను అలాగే నిలబెట్టి, గ్యాసు ట్యాంకును నీళ్లతో నింపి ఈతగాళ్లు మునిగి ఈదే చోటుగా మార్చి, 1994లో పార్కుగా తెరిచారు. మన దగ్గర ఆ దారి అంత సులువు కాదు. ఇక్కడ శిథిలానికి మొదటి శత్రువు రావి మొక్క. కాకి వేసిన గింజ గోడ నెర్రెలో మొలిచి రెండు వానాకాలాలు గడిచేసరికి వేరు ఇటుకల మధ్య సున్నపు దర్జుల్లోకి దిగి ఇటుకలను విడదీస్తుంది; పైన కొమ్మ నరికితే చావదు, కింద మరింత లావెక్కుతుంది. తీరానికి దగ్గరైతే ఉప్పుగాలికి ఇనుము పొరలు పొరలుగా రాలిపోతుంది. పైకప్పు లేని ఇటుక గోడకు తుఫాను వానలు తోడైతే అది శిథిలంగా కూడా ఎంతోకాలం మిగలదు. కాబట్టి శిథిలంగా ఉంచడమంటే ఏమీ చేయకపోవడమని అనుకోకూడదు. గోడ తలకట్టును సున్నంతో మూసి, ఏటా మొలకలు పీకించే మనిషిని పెట్టుకోవలసిందే.

మిగిలింది బాగుచేసి కొత్త పనికి వాడుకోవడం. దీనికి మనకు దగ్గర ఉదాహరణ చెన్నైలోనే ఉంది. మెరీనా ఎదురుగా ఉన్న ఐస్‌హౌస్‌ను అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలు నిల్వ చేయడానికి ఫ్రెడరిక్ ట్యూడర్ సంస్థ 1842లో కట్టింది. మంచు వ్యాపారం పడిపోయాక బిలిగిరి అయ్యంగార్ అనే న్యాయవాది దాన్ని కొని, గాలి వెలుతురు లేని ఆ గోదాముకు కిటికీలు, వరండాలు పెట్టి నివాసంగా మార్చారు. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ ఇంట్లోనే. నేడది రామకృష్ణ మఠం నిర్వహణలో వివేకానంద ఇల్లంగా ఉంది. మంచు గోదాము, ఇల్లు, స్మారక భవనం అని పని ఇన్నిసార్లు మారినా గోడలు మారలేదు. కిటికీ లేని గదికి కిటికీ పెట్టడం దగ్గరే అంతా మలుపు తిరిగిందని గమనిస్తే, బ్యారన్ల గురించి ఆలోచించేవారికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

బ్యారన్: గాలి మంచిదే, చోటే తక్కువ

బ్యారన్ అంటే వర్జీనియా పొగాకును వేడిగాలితో పండించి ఆరబెట్టే గది. బయట పొయ్యి, లోపల నేలకు కాస్త ఎత్తులో చుట్టి వచ్చే రేకు గొట్టాలు, వాటిపైన అంతస్తులుగా దూలాలు, దూలాల మీద ఆకు కట్టిన కర్రలు ఉంటాయి. గోడ అడుగున గాలి లోపలికి వచ్చే కంతలు, కప్పు దగ్గర తడిగాలి బయటికి పోయే కిటికీలు ఉంటాయి. అయిదారు రోజుల పాటు మనిషి రాత్రింబవళ్లు కాపలా ఉండి ఆ కంతలను ఎంత తెరవాలో, ఎంత మూయాలో చూసుకుంటేనే ఆకు రంగు నిలబడుతుంది. అంటే గాలిని కింది నుంచి పైకి లాగడానికే ఈ గదిని కట్టారు. పొయ్యి ఆరిపోయినా ఆ గుణం పోదు. నీడవైపు కింది కంతలను జల్లెడ రేకుతో తెరిచి ఉంచి, పై కిటికీలను వాన కొట్టకుండా చూరు పొడిగించి తెరిస్తే, వేడెక్కిన గాలి పైకి పోతూ కింది నుంచి చల్లగాలిని లాగుతుంది. మే నెల ఎండల్లో ఏసీ లేకుండా మనుషులు కూర్చోవాలంటే ఈ ఎత్తు, ఈ కంతలే ఆధారం. అందుకే బ్యారన్ బాగుచేసేవారు మొదట చేసే పని, అందంగా కనిపించడానికి ఆ కంతలు మూసి లోపల ఫాల్స్ సీలింగ్ వేయడం కాకూడదు. దురదృష్టవశాత్తు కాంట్రాక్టరు అంచనా పట్టికలో మొదటి పద్దు తరచు అదే అయి ఉంటుంది.

కిటికీల విషయంలో తొందర పనికిరాదు. బ్యారన్ గోడ కప్పు బరువును మోసే గోడ. తొమ్మిది అంగుళాల గోడలో మూల నుంచి కనీసం నాలుగడుగులు వదిలి, ఒక్కో గోడకు ఒకే నిలువు కిటికీ చొప్పున, పైన లింటల్ పోసి గట్టిపడ్డాకే కింద ఇటుక విప్పాలి. వెడల్పాటి అద్దాల కిటికీ పెట్టాలని ఎవరైనా గీసి చూపిస్తే ఇంజినీరు సంతకం అడగండి. లోపలి గోడలకు పట్టిన మసి, ఆకు జిగురు మీద నేరుగా రంగు వేస్తే కొన్నాళ్లకు పసుపు మరకలు బయటికి తేలతాయి. మూతికి మాస్కు కట్టుకుని పొడి బ్రష్షుతో గీకి, కడిగి, బాగా ఆరాక రెండు మూడు పూతలు సున్నం వేయాలి. పిల్లలు కూర్చునే చోటు కావాలంటే ఈ పనిని సగంలో ఆపకూడదు.

బ్యారన్‌కు ఉన్న అసలు ఇబ్బంది కొలత. పదహారడుగుల చదరంలో దక్కేది 256 చదరపు అడుగులే. పది పదిహేను మంది చదువుకునే గది అవుతుంది గానీ ఊరి సమావేశ మందిరం కాదు. కాబట్టి ఒంటరి బ్యారన్‌ను ఎంచుకోకుండా, పొలం మధ్య నాలుగైదు బ్యారన్లు వరసగా ఉండి మధ్యలో ఆకు దించుకునే ఖాళీ జాగా, ఒక వేపచెట్టు, బండి వచ్చే దారి ఉన్న చోటును వెతకండి. అప్పుడు ఒక్కో బ్యారన్ ఒక్కో గది అవుతుంది, మధ్య జాగా అసలైన ఉమ్మడి చోటు అవుతుంది. ఇంకొక మాట: 1976 నుంచి పొగాకు బోర్డు వర్జీనియా సాగును నియంత్రిస్తోంది, బ్యారన్‌కు బోర్డు రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆ రిజిస్ట్రేషనుకు తనదైన విలువ ఉంది. ఆ సంగతి తేల్చకుండా యజమానితో మాట కుదుర్చుకుంటే పని మధ్యలో ఆగుతుంది. సీజనుకు కౌలుకు నడుస్తున్న బ్యారన్ జోలికి అసలు పోవద్దు. ఊరికి పార్కు కావాలని ఒక రైతు పొయ్యి ఆర్పడం న్యాయం కాదు. పొగాకు పనికి పుట్టిన గదిలో పిల్లల చదువేమిటని అభ్యంతరం చెప్పేవారూ ఉంటారు. కిలో ఆకు ఆరడానికి అంతకు కొన్ని రెట్ల కట్టెలు ఎలా కాలాయో, ఆ కట్టెలు ఎక్కడి నుంచి వచ్చాయో గోడ మీద రాసి పెడితే ఆ అభ్యంతరానికి జవాబూ దొరుకుతుంది, పిల్లలకు చరిత్రా తెలుస్తుంది.

బియ్యం మిల్లు: నా ఓటు దీనికే

నెల్లూరు మొలగొలుకుల బియ్యం పేరు దూరప్రాంతాలకు వెళ్లిన కాలంలో నడిచిన పాత మిల్లుల్లో పుట్ల కొద్దీ వడ్లు దించడానికి వీలైన కల్లం, నిల్వకు గోదాము, యంత్రాలకు ఎత్తయిన హాలు, ఉప్పుడు బియ్యం ఆడించే చోట నానబెట్టే తొట్లు, బాయిలరు, పొగగొట్టం అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. ప్రజల చోటుకు కావలసిన విభాగాలు ఇందులో ముందే కట్టి ఉన్నాయి. బ్యారన్‌లో లేని విశాలం ఇక్కడుంది, కాలువ లాకుల దగ్గర లేని కప్పు ఇక్కడుంది, పైగా మిల్లు సాధారణంగా ఊరిని ఆనుకుని లారీ తిరిగే రోడ్డు మీదే ఉంటుంది కాబట్టి సాయంత్రం పూట ఆడవాళ్లు, ముసలివాళ్లు నడిచి రాగలరు. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఎంత అందమైన కట్టడమున్నా అక్కడికి రోజూ వెళ్లేది మోటారు సైకిలు ఉన్నవారే.

మిల్లులో అన్నిటికంటే విలువైనది కల్లం. వడ్లు ఆరబోయడానికి వేసిన నేల కనుక వాన నీరు నిలవకుండా వాటం పెట్టి ఉంటుంది. దాన్ని తవ్వి టైల్స్ పరచడం డబ్బు దండగే గాక, ఆ వాటాన్ని చెడగొట్టడం కూడా. నెర్రెలు పూడ్చి అలాగే ఉంచితే పొద్దున నడకకు, సాయంత్రం కూరగాయల సంతకు, సంక్రాంతికి ముగ్గులకు, పంట కాలంలో ఒక పక్కన ఎవరైనా మినుములు ఆరబోసుకోవడానికీ పనికొస్తుంది. ఈ చివరి వాడకాన్ని నిషేధిస్తూ బోర్డు పెట్టకండి. మధ్యాహ్నం కల్లం కాలుతుంది కాబట్టి పడమటి అంచున కానుగ, వేప నాటాలి. మూడు నాలుగేళ్లకు నీడ మొదలవుతుంది. అంతవరకు ఒక వరస తాటాకు పందిరి చాలు.

నీటి లెక్క మిల్లు వైపే మొగ్గుతుంది. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. అయిదు వందల చదరపు మీటర్ల మిల్లు కప్పు మీద ఏడాదికి 1000 మిల్లీమీటర్లు పడి, అందులో అయిదో వంతు పోయినా నాలుగు లక్షల లీటర్లు పట్టవచ్చు. పడమటి మెట్ట మండలాల్లో 600 మిల్లీమీటర్లే అనుకున్నా రెండు లక్షల నలభై వేలు. కనిగిరి వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ బెడద తెలిసినవారికి ఈ అంకె విలువ చెప్పనక్కర లేదు. వడ్లు నానబెట్టిన తొట్లను పగుళ్లు పూడ్చి మూతలు వేస్తే నిల్వ తొట్లుగా పనికొస్తాయి, కొత్తగా సంపు తవ్వే ఖర్చు తగ్గుతుంది. అయితే కప్పు ఆస్బెస్టాస్ రేకులదైతే ఆ నీటిని తాగడానికి పట్టకూడదు. ఆ రేకులను తీసేటప్పుడు పగలగొట్టకుండా, నీళ్లు చల్లి తడిపి, నిలువునా దించాలి. రేకుకు చిల్లులు పొడుస్తూ మేకులు పీకే కూలీ ఊపిరితిత్తులకు పట్టే ముప్పును ఏ పొదుపూ పూడ్చలేదు. మంగుళూరు పెంకుల కప్పయితే అదృష్టమే. పగిలినవి మార్చి, కింద వాసాలకు చెదలు చూసుకుంటే సరిపోతుంది.

మిల్లులోనూ ముప్పులున్నాయి. వడ్లను పైకి ఎత్తే ఎలివేటర్ల కింద ఆరేడు అడుగుల లోతు గుంటలు ఉంటాయి. వాటిని ఇసుకతో నింపి మూసేయాలి. డీజిలు ఇంజను ఉన్న చోట నేల నూనె తాగి నల్లగా ఉంటుంది. అక్కడి మట్టిని రెండడుగులు తీసి మార్చకుండా మొక్కలు నాటితే అవి బతకవు. అమెరికాలోని సియాటిల్‌లో బొగ్గు నుంచి గ్యాసు తీసిన ప్లాంటును 1975లో పార్కుగా తెరిచినా అక్కడి మట్టిలో మిగిలిన కాలుష్యంతో ఆ నగరం దశాబ్దాల పాటు పెనుగులాడింది. మన మిల్లులో అంత విషం ఉండదు గానీ మట్టిని ముందు చూడాలన్న నియమం రెండింటికీ ఒకటే. పొగగొట్టాన్ని తూకం గుండుతో చూడండి. పక్కకు వాలినా, తలభాగంలో ఇటుకలు వదులైనా ఆ మేరకు పై వరసలు దించి, పిడుగు నుంచి కాపాడే రాగి తీగ వేసి, అడుగున కంచె కట్టాలి. యంత్రాలన్నిటినీ ప్రదర్శనకు ఉంచాలన్న ఉత్సాహం కూడా తగ్గించుకోవడం మంచిది. వడ్ల పొట్టు తీసే ఒక హల్లరు, దానికి కదలిక తెచ్చిన షాఫ్టు, ఒక బెల్టు, ఉన్న చోటనే ఉంచితే పిల్లలకు మిల్లు ఎలా నడిచిందో అర్థమవుతుంది. మిగతా ఇనుము అమ్మితే కప్పు మరమ్మతుకు ఎంతో కొంత కలిసివస్తుంది.

తక్కిన కట్టడాలు

ఒంగోలు ప్రాంతంలోని పొగాకు గ్రేడింగ్ గోదాములు మిల్లుకు దగ్గరి బంధువులే. ఆకు రంగు చూసి గ్రేడు విడదీయడానికి వెలుతురు కావాలి కనుక చాలా వాటిలో కిటికీలు ధారాళంగా ఉంటాయి. పట్టణంలో నైపుణ్య శిక్షణకు, బజారుకు బాగుంటాయి. కానీ పట్టణపు స్థలం ధర వల్ల యజమాని ప్రజల వాడకానికి ఇవ్వడం అరుదు.

బకింగ్‌హాం కాలువది వేరే కథ. 1806లో మద్రాసుకు ఉత్తరాన మొదలైన తవ్వకం క్రమంగా పెదగంజాం దాకా వచ్చింది, 1877-78 కరువులో వేల మంది కూలీలతో తవ్వించిన భాగంతో మద్రాసుకు అటూ ఇటూ కలిసింది, ఆనాటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు స్థిరపడింది. ఉప్పు, కట్టెలు, ధాన్యం మోసిన ఆ పడవల దారి 1965-66లోనూ 1976లోనూ వచ్చిన తుఫానుల తరువాత దెబ్బతిని మూలపడింది. 2008లో నాలుగో నంబరు జాతీయ జలమార్గంలో చేరింది. ఇక్కడ లాకుల గోడలు, మెట్లు చక్కని రాతిపనే గానీ వాటి మీద గానీ గట్టు మీద గానీ కొత్త కట్టడాలు లేపాలనే ఆలోచనను నేను సమర్థించను. 2004 డిసెంబరు 26న సునామీ నీరు లోపలికి తోసుకొచ్చినప్పుడు ఈ కాలువే దాన్ని తనలో పట్టుకుని మళ్లీ సముద్రానికి వదిలింది. ఆ ఖాళీయే దాని ఉపయోగం. ఇక్కడ ఎంచుకోదగ్గది గట్టు మీద నడకదారి, సరుగుడు నీడ, లాకు గదిలోని పూడిక తీత, వేటకు పోయేవారు పడవ కట్టుకునే చోటు. అంతకు మించి కాదు.

అభ్రకం షెడ్ల విషయంలో నాది కచ్చితమైన అభ్యంతరం. ఆకుపచ్చ ఛాయతో నెల్లూరు అభ్రకానికి పేరు తెచ్చిన గనుల చుట్టూ రాతి పొడి గుట్టలు, నీళ్లు నిండిన లోతైన గుంటలు ఉన్నాయి. సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. గుంటలకు కంచె, గుట్టలకు మట్టి కప్పు, దాని మీద గడ్డి, చెట్లు వేసి కొన్నేళ్లు గడిచాకే జనాన్ని పిలవాలి. పలకల ఫ్యాక్టరీలకూ ధూళి విషయంలో ఇదే వర్తిస్తుంది.

ఏ పనికి వాడాలి

కల్యాణ మండపానికి ఆదాయం ఉంటుందనేది నిజమే. కానీ అద్దెకు ఇచ్చిన రోజున ఊరికి తలుపు మూసినట్టే, ఆషాఢంలోనూ మూఢం రోజుల్లోనూ ఆదాయమూ ఉండదు. డీజే మోతకు సున్నపు పూత రాలడం, ఎంగిలి విస్తర్ల కుప్ప, ఏసీ కోసం కంతలు మూసేయడం దాని వెంటే వస్తాయి. మ్యూజియం మాట గౌరవంగా ఉంటుంది గానీ ప్రారంభోత్సవం ఫొటోలు తీశాక చూసినవారు మళ్లీ రారు. ఫోర్ట్ కొచ్చిలో పాత వ్యాపార సంస్థ ఆవరణ ఆస్పిన్‌వాల్ హౌస్‌లో 2012 నుంచి కళాప్రదర్శనలు నడుస్తున్నాయంటే ఆ ఊరికి ఏడాది పొడుగునా వచ్చే పర్యాటకులు ఉన్నారు. మనకు లేరు. నెల్లూరులో సభలకు పురమందిరం ఉండనే ఉంది.

మన ఊళ్లలో రోజూ నిండే గది ఏదంటే చదువుకునే గదే. డీఎస్సీకి, గ్రూప్స్‌కు, కానిస్టేబులు ఉద్యోగానికి చదివే పిల్లలు ఇంట్లో జాగా లేక, పట్టణంలో నెలకు ఇంతని స్టడీ హాలుకు కడుతున్నారు. వారికి కావలసింది కుర్చీ, బల్ల, ఫ్యాను, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి తొమ్మిది దాకా వెలుగు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది కనుక జిల్లా గ్రంథాలయ సంస్థను మొదటి నుంచే భాగస్వామిగా చేర్చుకుంటే పుస్తకాలకు, పత్రికలకు ఒక ఆధారం దొరుకుతుంది. కరెంటు ఖర్చు భయపెట్టేది కాదు: డెబ్బై అయిదు వాట్ల పాత ఫ్యాన్లు ఇరవై, రోజుకు పది గంటలు తిరిగితే 15 యూనిట్లు, కరెంటు తక్కువ తాగే ముప్పై వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 6 యూనిట్లు. రెండు కిలోవాట్ల సోలార్ పలకలు ఎండ బాగున్న రోజున దాదాపు ఎనిమిది యూనిట్లు ఇస్తాయి.

దానికి తోడు కల్లంలో వారానికి రెండు రోజులు సంత. 1999లో మొదలైన రైతు బజార్ల నమూనాను చిన్న ఎత్తున అనుసరించి, దుకాణానికి నామమాత్రపు రుసుము పెడితే ఊడ్చే మనిషికి, కాపలాదారుకు జీతం అక్కడి నుంచే వస్తుంది. సంతకు వచ్చినవారు గదిని చూస్తారు, గదిలో చదివేవారు సంతలో కొంటారు. ఈ రెండింటి జోడు ఎక్కడ కుదురుతుందో అక్కడ ఆ కట్టడాన్ని ఎంచుకోండి. మిల్లులో అది హాయిగా కుదురుతుంది, బ్యారన్ల వరసలో ఇరుగ్గా కుదురుతుంది, కాలువ గట్టున కుదరదు.

తుఫాను షెల్టరుగానూ వాడవచ్చని అంచనాల్లో రాసుకోవడం కొందరికి అలవాటు. నిర్మాణ ఇంజినీరు పరీక్షించి రాసివ్వనిదే ఆ మాట రాయకండి. 2021 నవంబరులో పెన్నా వరద ఎంతదాకా వచ్చిందో, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు ఏ కప్పు లేచిందో చుట్టుపక్కలవారిని అడిగి గోడ మీద సుద్దతో గీసుకోండి. విద్యుత్ బోర్డులు, పుస్తకాల అలమరలు ఆ గీతకు పైనే ఉండాలి.

సున్నమా, సిమెంటా

పాత గోడను గోరుతోనో మేకుతోనో గీకితే దర్జు పొడిగా రాలి వేలికి తెల్లగా అంటితే అది సున్నపు కట్టుబడి. తీరంలోని గుల్లను కాల్చి, గానుగలో ఇసుకతో కలిపి తిప్పి, కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి కట్టిన గోడలివి. నేల తడిని పీల్చి బయటికి వదులుతూ ఉండటం వాటి స్వభావం. అలాంటి గోడకు సిమెంటు పూత పెడితే లోపలి తడి బయటికి రాలేక పైకి ఎక్కుతుంది. మోకాలి ఎత్తున ఉన్న తెల్లటి ఉప్పు చార రెండేళ్లలో నడుము ఎత్తుకు వస్తుంది, ఇటుక ముఖం పెచ్చులుగా ఊడుతుంది. అయినా మేస్త్రీలు సిమెంటే అంటారు, ఎందుకంటే అది ఒక రోజులో బిగుస్తుంది, సున్నానికి వారాలు పడుతుంది, గానుగ సున్నం పని తెలిసిన బేల్దారి మేస్త్రీలు కొద్దిమందే మిగిలారు. ఖర్చు ఎక్కువైనా సున్నపు గోడకు సున్నమే పెట్టండి. సిమెంటును లింటళ్లకు, కొత్త మరుగుదొడ్డికి, పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు చొప్పున కట్టే వీల్‌చైరు ర్యాంపుకు ఉంచుకోండి. గోడ మొదటి నుంచీ సిమెంటుతో కట్టినదైతే ఈ చర్చే అక్కర లేదు.

కాగితాలు, కాలం

మరమ్మతుకు ముందు ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), అడంగల్ (భూమి రికార్డు), ఎఫ్‌ఎంబీ (భూమి కొలతల పటం) తీయించి, సర్వే నంబరు రిజిస్ట్రేషనుకు వీల్లేని 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. మూతపడిన మిల్లులు, బ్యారన్లు తరచు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తులు. ఊళ్లో ఉన్న ఒక్క అన్నగారి మాట మీద పని మొదలుపెడితే, పైకప్పు వేసిన మరుసటి నెలలో హైదరాబాదు నుంచి తమ్ముడి నోటీసు వస్తుంది. కొనడం కంటే, దానపట్టా కంటే, వారసులందరి సంతకాలతో కనీసం ముప్పై ఏళ్ల రిజిస్టరు లీజు ఈ పనికి నప్పుతుందని నా అభిప్రాయం. కుటుంబం పేరు ఆవరణకు ఉంటుంది, నిర్వహణ పంచాయతీది అవుతుంది, మాట తప్పితే ఆస్తి తిరిగి వెళ్తుందన్న షరతు ఇద్దరినీ జాగ్రత్తగా ఉంచుతుంది. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ప్రభుత్వ నిధులు గానీ, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు గానీ రావు.

ఈ ప్రాంతానికి ప్రధానమైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది కాబట్టి పనిని సంక్రాంతి తరువాత మొదలుపెట్టండి. ఫిబ్రవరిలో మొలకలు పీకి, గుంటలు పూడ్చి, మార్చి నుంచి గోడల సున్నపు పని చేస్తే నీడ కట్టి రోజూ తడపడం తప్పనిసరి. ఎండకు సున్నం బిగియకముందే ఆరిపోతే పొడిగా రాలుతుంది. కప్పు, నీటి కాలువలు సెప్టెంబరు ఆఖరుకు పూర్తి కావాలి. లోపలి నేల, కరెంటు పని, బల్లలు ఆ ఏడాదికి ఆపి, మొదటి వానాకాలంలో ఎక్కడ కారుతుందో, కల్లంలో నీరు ఎటు పోతుందో, తొట్టి ఎన్ని రోజులకు నిండుతుందో రాసుకుని, వాటిని సరిచేసి, జనవరిలో గచ్చు వేయండి.